అప్‌డేట్: గోదావరి డెల్టా పేపర్లు దొరికాయి

అమలాపురం దగ్గర మా ఊరి బోర్లలో ఉప్పునీరు వస్తోంది, మన డెల్టా మీద మంచి జర్నళ్లలో వచ్చిన పరిశోధన పేపర్లే వెతకడం ఎలా అని అడిగాను కదా. దారి దొరికింది.

ముందు జర్నళ్లకి ర్యాంకులిచ్చే సిమాగో సైట్‌లో నీటి శాస్త్రం విభాగం తెరిచి, క్యూ1 జర్నళ్ల పేర్లు రాసుకున్నాను. అంటే ర్యాంకుల్లో పై పాతిక శాతం. ఆ సైట్ ఉచితమే. తర్వాత పరిశోధన పేపర్లు వెతికిపెట్టే గూగుల్ స్కాలర్ అడ్వాన్స్‌డ్ సెర్చ్‌లో జర్నల్ పేరుకి ఉన్న గడిలో ఒక్కో పేరూ ఇచ్చాను. ‘గోదావరి డెల్టా’ని ఇంగ్లీషులో కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాకే అక్కర్లేనివి తగ్గాయి.

2009లో నేచర్ జియోసైన్స్‌లో 33 డెల్టాలు కుంగడం మీద వచ్చిన పేపర్‌లో మన గోదావరి పేరు చూసి గుండె ఝల్లుమంది.

పేపర్ చదవడానికి డబ్బు అడిగిన చోట, స్కాలర్‌లో దాని కింద ఉన్న ‘ఆల్ వెర్షన్స్’ నొక్కితే కొన్నింటికి పీడీఎఫ్ దొరికింది. ఆ చిట్కా చెప్పిన అన్నయ్యకి చాలా థాంక్స్ అండి.