మాట వెనుకబడిన పిల్లలకు మెదడు తరంగాల పరీక్ష పనికొస్తుందా?

ఇచ్ఛాపురం నాన్న:
మా బాబుకు అయిదేళ్లు. వాళ్ల అమ్మతో ఒడియా, నాతో తెలుగు. మాటలు వస్తాయి, వాక్యం రాదు. బేరా పరీక్షలో వినికిడి బాగుందన్నారు. తలకు టోపీ పెట్టి మెదడు స్పందనలు కొలిస్తే భాషాలోపం తేలిపోతుందని ఒకరు చెప్పారు. అప్పు చేసైనా వెళ్లాలా?

టెక్కలి టీచరు:
వెళ్లండి. నోరు విప్పని పిల్లలను మొద్దులంటుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. ఈ పరీక్షలో బాబు జవాబు చెప్పనక్కరలేదు. మాటల్లేని కార్టూన్ చూస్తూ కూర్చుంటాడు. ‘ట, ట, ట’ అని వినిపిస్తూ మధ్యలో ఒక ‘త’ వేస్తారు. తేడా పట్టిన మెదడులో దాదాపు సెకనులో అయిదో వంతుకే ఒక తరంగం లేస్తుంది. ఫిన్లాండ్ శాస్త్రవేత్త నాటనెన్ బృందం 1978లోనే దీన్ని వివరించింది.

విజయనగరం స్పీచ్ థెరపిస్టు:
టీచరుగారూ, మీ బాధ నాదీ. కానీ అప్పు చేయమనకండి. భాషాలోపమున్న పిల్లలకూ లేనివాళ్లకూ ఆ తరంగంలో సగటున తేడా కనబడిన పరిశోధనలున్నాయి, కనబడనివీ ఉన్నాయి. సగటు వేరు, ఒక బాబు వేరు. రెండు గుంపుల కొలతలూ చాలావరకు కలిసిపోతాయి. నిద్రమత్తుకూ కదలికకూ కూడా తరంగం మారుతుంది. ‘అమ్మ బల్ల వండింది’ వంటి పొసగని మాట విన్న 400 మిల్లీసెకన్లకు వచ్చే స్పందనకూ ఇదే చిక్కు. బేరా అలా కాదు. శబ్దం చెవి నుంచి మెదడు కాండానికి చేరిందో లేదో ఒక్కో బిడ్డకూ చెబుతుంది, అంతవరకే.

నాన్నగారూ, రెండు భాషల వల్ల లోపం రాదు. లోపముంటే రెండింటిలోనూ కనిపిస్తుంది. బాబు ఒడియాలో కథ చెప్పగలడా?

టెక్కలి టీచరు:
అప్పు మాట వెనక్కి తీసుకుంటున్నాను, పరిశోధన మాట తీసుకోను. ఇంగ్లండులో బడి పిల్లలను లెక్కిస్తే వందకు ఏడుగురికి పైగా ఈ లోపముందని తేలింది. ‘పడు’, ‘పాడు’ అని దీర్ఘంతోనే అర్థం మారే భాష మనది. మన తెలుగు, సవర, ఒడియా పిల్లల మెదళ్లను ఎవరూ కొలవకపోతే ఇంగ్లీషు పిల్లల కొలతలే వీళ్లకూ కొలబద్దలవుతాయి.

విజయనగరం స్పీచ్ థెరపిస్టు:
ఆ పరిశోధన జరిగితే నేనూ వస్తాను. దానికోసం ఈ బాబు చికిత్స మాత్రం ఆగకూడదు. పిల్లల ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో మాటల ఆలస్యాన్నీ ఉచితంగా చూస్తారు.

ఇచ్ఛాపురం నాన్న:
రాత్రి వాళ్ల అమ్మను అడిగాను. ఒడియాలోనూ రెండు మాటలే కలుపుతున్నాడట. ఇన్నాళ్లూ తెలుగు రాకపోవడమే అనుకున్నాను. సోమవారం శ్రీకాకుళం తీసుకెళ్తున్నాం. అక్కడ ఒడియా వచ్చినవారు లేకపోతే, బాబును ఒడియాలో అడగడానికి వాళ్ల అమ్మను పక్కన కూర్చోనిస్తారా?