వరద షాట్‌కి మినియేచర్ ఇల్లు: అడుగు ఎత్తు సరిపోతుందా?

ములుగు పిల్లగాడు:
అన్నలూ, షార్ట్ ఫిల్మ్ తీస్తున్నాం. రాత్రి వాన, వాగు పొంగి ఊళ్లోకొస్తుంది, ఒక పెంకుటింటి మట్టిగోడ కూలుతుంది. 2023 జులైలో భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి వరదలో మునిగిన రోజులు గుర్తున్నవాళ్లకు కథ అర్థమవుతుంది. గ్రాఫిక్స్‌కి డబ్బుల్లేవు. థర్మాకోల్‌తో అడుగు ఎత్తు మినియేచర్ (బుల్లి నమూనా) ఇల్లు చేసి ఫోన్‌లో సెకనుకు 120 ఫ్రేముల స్లో మోషన్‌లో తీస్తే నమ్ముతారా?

హన్మకొండ ఆర్ట్ పని:
తమ్ముడూ, నీళ్లు లేని షాటైతే అడుగు ఇల్లు చాలు. ఇంటిని ఎంతైనా తగ్గించొచ్చు, నీటిచుక్కను తగ్గించలేం. 12 అడుగుల ఇంటిని ఆరో వంతుకు, అంటే 2 అడుగుల ఎత్తుకు కట్టు. ఎన్ని ఫ్రేముల్లో తీయాలంటే, ఎన్నో వంతుకు తగ్గించామో ఆ అంకె వర్గమూలాన్ని సినిమా సెకనుకు నడిచే 24 ఫ్రేములతో గుణించాలి. 6 వర్గమూలం దాదాపు 2.45, లెక్క 59కి వస్తుంది. 60 ఫ్రేముల్లో తీసి 24లో నడిపితే గోడ బరువుగా పడుతుంది.

థర్మాకోల్ మాత్రం వద్దే వద్దు. నీళ్లలో తేలుతుంది, విరిగినచోట తెల్లగుళ్లు బయటపడతాయి. మట్టిగోడ మట్టితోనే పెట్టు. ఎర్రమట్టి జల్లెడ పట్టి, గడ్డి సన్నగా తరిగి కలుపు. వరద చూసినవాళ్లకు గోడ ఎట్లా పోతుందో తెలుసు: ముందు గోడ కిందిభాగం నానుతుంది, ఆ తర్వాత పైభాగం కూలబడుతుంది. అందుకే కింది వరస వదులుగా, పైన గట్టిగా పెట్టు. గూనపెంకులకు పలచటి మట్టిరేకును లావు మార్కర్ పెన్ను మీద వంచి ఆరబెట్టు. వాసాలకు నిర్మల్ బొమ్మలు చేసే పొనికి చెక్క దొరికితే బ్లేడుతోనే చెక్కొచ్చు. వెనక తడవని ఇళ్లకు చేర్యాల మాస్కుల పద్ధతి బాగుంటుంది: రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపిన ముద్ద. నీళ్లలో కూడా మట్టి కలుపు, తేటనీళ్లు వాగులా ఉండవు.

కాజీపేట కెమెరా:
120 వద్దనడానికి ఇంకో కారణం ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్, బల్బు సెకనుకు 100 సార్లు మినుకుమంటుంది. 60 ఫ్రేముల్లో షట్టర్ (ఒక్కో ఫ్రేముకు వెలుతురు పడే సమయం) సెకనులో 1/100 వంతు పెడితే ఆ మినుకుల చారలు రావు. 120లో ఒక్కో ఫ్రేముకు దక్కేదే 1/120 సెకను, అంత షట్టర్ పెట్టే వీలే లేదు. అసలు నీళ్ల దగ్గర కరెంటు వైర్లు లాగకండి, బ్యాటరీ లైట్లు తెచ్చుకోండి. లైటు వెనక నుంచి కొడితేనే వాన కనిపిస్తుంది. లెన్సు నేల నుంచి 10 అంగుళాలు దాటకూడదు, ఆ స్కేల్లో మనిషి కళ్లు అక్కడే ఉంటాయి. పోర్ట్రెయిట్ మోడ్ ఆపేయండి, వెనక మసకబారితే బొమ్మని తెలిసిపోతుంది.

ములుగు పిల్లగాడు:
థ్యాంక్స్ అన్నా. ఇంట్లోంచి ముసలమ్మ బయటికి రావాలి, అదెట్లా?

హన్మకొండ ఆర్ట్ పని:
ఆమెను మినియేచర్‌తో ఒకే ఫ్రేములో పెట్టకు. నిజమైన ఇంటి గడప దగ్గర, మోకాళ్ల దాకా బురదనీళ్లలో తీయి. వెంటనే గోడ షాట్‌కి కట్ చెయ్యి. ముందు గడప షాట్ తీసుకో, తలుపు రంగు, గోడ మీది సున్నం చారలు ఫోటో తీసిపెట్టుకో, వాటిని చూసి మినియేచర్‌కి రంగులెయ్యి.