సమస్య: అడ్డుగోడ పెట్ట నధికమయ్యె

నిర్వాహకుడు: ఛందస్సు ఆటవెలది. ఇచ్చింది నాలుగో పాదం. గోడంటే కెపాసిటర్ (విద్యుత్ చార్జిని దాచే పరికరం) పలకల నడుమ పెట్టే డైఎలెక్ట్రిక్, అంటే కరెంటును పారనివ్వని పదార్థం. గణాలతో పాటు లెక్కా కుదరాలి.

పూరణ 1
రెండు పలక లెదురు రెంటి నడుమ గాలి
తీసి గాజుబిళ్ళ దింపి చూడ
దాచు చార్జి పెరిగె దానికైదింతలై
అడ్డుగోడ పెట్ట నధికమయ్యె

నిర్వాహకుడు: తీ–దిం యతి హాయిగా కుదిరింది. కానీ బ్యాటరీ తగిలించి ఉందా, తీసేశారా? తీసేస్తే చార్జి ఉన్నదున్నట్టే ఉంటుంది, వోల్టేజీ అయిదో వంతుకు పడిపోతుంది. పైగా ‘పెరిగె’, ‘అధికమయ్యె’ పునరుక్తి. మూడో పాదం ఇలా మారిస్తే రెండు చిక్కులూ తీరతాయి:
బ్యాటరీని విడని పలకలపై చార్జి

పూరణ 2
తగులనీని పొరను దగ్గరగా జేర్చి
సందు లేక బిగియ చదును జేయ
మైలరందు నిల్చె మైక్రోఫరాడ్లెన్నొ
అడ్డుగోడ పెట్ట నధికమయ్యె

సూక్ష్మదర్శి: గణాలు సరే, ఫరాడ్లే (చార్జి దాచే సామర్థ్యానికి, అంటే కెపాసిటీకి కొలమానం) మరీ ఉదారం! పలక 10 సెం.మీ. × 10 సెం.మీ., మైలర్ (పలచని పాలిస్టర్ ప్లాస్టిక్) పొర మందం 0.1 మి.మీ., దాని డైఎలెక్ట్రిక్ స్థిరాంకం (ఖాళీ చోటుతో పోలిస్తే కెపాసిటీ ఎన్ని రెట్లవుతుందో చెప్పే అంకె) 3.2 అనుకోండి. 8.85 × 10⁻¹² (శూన్యపు విద్యుత్ స్థిరాంకం) × 3.2 × 0.01 ÷ 0.0001 అంటే సుమారు 2.8 నానోఫరాడ్లు (మైక్రోలో వెయ్యో వంతు నానో). ఒక్క మైక్రోఫరాడ్‌కే మూడున్నర చదరపు మీటర్ల పలక కావాలి. అందుకే కంపెనీలు రేకునీ పొరనీ చుట్టగా చుడతాయి. నా సవరణ:
నానొఫరడులైన నాణ్యమౌ కొలతయే

‘సందు లేక’ మాత్రం బంగారం లాంటి మాట. అదే 0.1 మి.మీ. పొర పక్కన 0.05 మి.మీ. గాలి మిగిలిందా, 2.8 కాస్తా 1.1కి దిగుతుంది. ఆ గాలిలో విద్యుత్ క్షేత్రం పొరలో కంటే 3.2 రెట్లు, అది తట్టుకునేదేమో తక్కువ. వోల్టేజీ పెంచితే మెరుపు ముందు అక్కడే.

పూరణ 3
గాలి చేరెనేని కెపాసిటీ తగ్గు
నూనె పూసి పొరను నొక్క వలయు
బుడగ పోగ పలక పొందికయై చార్జి
అడ్డుగోడ పెట్ట నధికమయ్యె

నిర్వాహకుడు: లఘువు వెంటనే గురువుతో మొదలయ్యే ఇంద్రగణమే లేదు, ‘కెపా’ అక్కడ కూర్చోదు. గా–కె యతీ చెల్లదు. ‘కెపాసిటీ తగ్గు’ బదులు ‘కరగిపోవు విలువ’ అనండి.

సూక్ష్మదర్శి: నూనె ఆలోచన అసలు పనివాడిది. ట్రాన్స్‌ఫార్మర్ నూనె పలచగా రాసి, మధ్య నుంచి అంచులకు రోలర్‌తో నొక్కుతూ పోతే బుడగలు బయటికొస్తాయి. పొర నాలుగు వైపులా పలక దాటి 10 మి.మీ. ఉండాలి, లేకుంటే అంచు చుట్టూ తిరిగి మెరుస్తుంది. రేకు కోసిన చోట గరుకును ఉప్పు కాగితంతో నున్న చెయ్యండి, అదే పొరను గుచ్చేది. కొలిచేటప్పుడు మీటరు తీగల సొంత కెపాసిటీ ముందే చూసి, వచ్చిన విలువలోంచి తీసెయ్యండి.