అరుపుల సీన్లు చెప్పాక గొంతు బొంగురుపోతోంది. సీనియర్లు ఏం చేస్తారు?

కొత్తగొంతు:
డబ్బింగ్‌లోకి వచ్చి ఏడాది దాటింది. మామూలు డైలాగులకు ఇబ్బంది లేదు. ఇప్పుడు ఒక వీడియో గేమ్‌లో సైనికుడి పాత్రకు చెబుతున్నాను. దెబ్బ తగిలిన కేకలు, మంటల్లో చిక్కుకున్న అరుపులు, చనిపోయేటప్పటి మూలుగులు అన్నీ వరసపెట్టి రికార్డు చేస్తున్నారు. మర్నాడు లేచేసరికి గొంతు బొంగురు. పై స్థాయిలో అసలు పలకట్లేదు. ఈ సంగతి చెబితే వేరేవాళ్లను పిలుస్తారేమోనని టెన్షన్. ఏం చేయమంటారు?

మైకుముందు:
తమ్ముడూ, ముందు ఒక్క మాట. రేపు కూడా బొంగురుగానే ఉంటే ఆ అరుపులు చెప్పకు. నేను చాలాకాలంగా ఈ పనిలోనే ఉన్నాను. మంచి గొంతులున్నవాళ్లు నొప్పి మాత్ర వేసుకుని సెషన్ పూర్తి చేయడం చూసినప్పుడల్లా నాకు భయమేస్తుంది. నొప్పి తెలియకపోతే ఎక్కడ ఆపాలో తెలియదు. పైగా ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్ లాంటివి వేసుకుని అరిస్తే స్వరతంత్రుల్లో రక్తం చిమ్మే ప్రమాదం పెరుగుతుంది. అరుస్తుండగా గొంతు ఒక్కసారిగా పోయిందా, ఇక మాట్లాడకుండా నేరుగా ఈఎన్‌టీ దగ్గరికి వెళ్లాలి.

ఇక పని సంగతి. అరుపులన్నీ సెషన్ చివరికి పెట్టమని అడుగు. ఇది గొంతెమ్మ కోరిక కాదు, తెలిసిన డైరెక్టర్లు వాళ్లే అలా పెడతారు. మొదటే అరిపిస్తే తర్వాతి మామూలు డైలాగులన్నీ బొంగురుగా వస్తాయి, నష్టం వాళ్లకే. ఎన్ని కేకలు, ఏ రకానివి అన్న జాబితా ముందురోజే తెప్పించుకో. సౌండ్ ఇంజినీర్‌తో మాట్లాడి మైకు గెయిన్ (గొంతును మైకు ఎంత గట్టిగా పట్టాలన్న అమరిక) తగ్గించమను, కాస్త వెనక్కి జరిగి నిలబడు. వినేవాడికి కావాల్సింది ప్రాణం పోతున్నంత తీవ్రత. అది ఊపిరిలో, ఒంటి బిగువులో, మాట విరిగే తీరులో ఉంటుంది. శబ్దం పెద్దదైనంత మాత్రాన రాదు. భుజాలు, మెడ బిగించి గొంతులోంచే తోసేవాడికి రెండో టేక్‌కే గొంతు పోతుంది.

ఇది నీ ఒక్కడి బాధ కాదు. అమెరికాలో 2016 అక్టోబరులో గేమ్‌లకు గాత్రమిచ్చే నటులు వాళ్ల యూనియన్ తరఫున సమ్మెకు దిగారు. గొంతు చించుకునే సెషన్లను 4 గంటల నుంచి 2 గంటలకు తగ్గించాలన్నది వాళ్ల డిమాండ్లలో ఒకటి.

నాటకాలమనిషి:
మాకు స్టేజి మీద ప్రదర్శన తర్వాత ప్రదర్శన ఉంటుంది కాబట్టి ఒక అలవాటు చెబుతాను. సన్నటి స్ట్రా నోట్లో పెట్టుకుని, దాని గుండా 'ఊ' అంటూ కింది స్థాయి నుంచి పైకి, పై నుంచి కిందికి జారుతూ వెళ్లండి. అరిచే ముందు, అరిచాక కూడా. గొంతు బాగోలేదని గుసగుసగా మాట్లాడకండి, చాలామందికి దానివల్ల కండరాలు ఇంకా బిగుసుకుంటాయి. అసలు మాట్లాడకపోవడమే మేలు.

స్వరచికిత్స:
వాయిస్ థెరపిస్టుగా రెండు విషయాలు. తాగిన నీళ్లు స్వరతంత్రులను తాకవు, ఆహారనాళంలోకి పోతాయి. ఒంటికి పట్టి అక్కడికి తేమ చేరడానికి సమయం పడుతుంది. అందుకే టేకుల మధ్య గ్లాసులు ఖాళీ చేయడం కాదు, రోజంతా తాగాలి. ఇక, మామూలు మనిషికి బొంగురు 4 వారాల్లో తగ్గకపోతే స్వరపేటిక పరీక్ష చేయించమంటాం. గొంతుతో బతికేవాళ్లు అన్నాళ్లు ఆగకూడదు. పైస్థాయి పోయిందన్నారు కదా, తంత్రుల మీద వాపో కణుపులో (చిన్న బుడిపెలు) ఉన్నా ఇలాగే అవుతుంది. స్ట్రోబోస్కోపీ చేస్తే తంత్రులు కంపించే తీరు తెరమీద కనిపిస్తుంది. కణుపులు చాలావరకు విశ్రాంతి, థెరపీలతోనే తగ్గుతాయి, కాబట్టి ఆపరేషన్ భయంతో పరీక్ష వాయిదా వేయకండి.

కొత్తగొంతు:
పరీక్షకు అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. డైరెక్టర్‌కు ఎలా చెప్పాలి?

మైకుముందు:
ఫోన్ వద్దు, మెసేజ్ పెట్టు. "గొంతు వాచింది, డాక్టర్‌కు చూపిస్తున్నాను. మామూలు డైలాగులైనా డాక్టర్ సరేనన్నాకే చెబుతాను. అరుపులను చివరి సెషన్‌కు మార్చగలరా?" అంతే. సంజాయిషీలు రాయకు. ఈ రాత్రే పంపు, రేపటి బుకింగ్ మార్చుకోవడానికి వాళ్లకూ టైమ్ ఉంటుంది.