రెండంతస్తుల ఇంటికి ఏ రౌటర్ తీసుకోవాలి? పై గదిలో వీడియో కాల్స్ తెగిపోతున్నాయి

మేడగది (ప్రశ్న)

నమస్కారం అండీ. మాది రెండంతస్తుల ఇల్లు, ఫైబర్ కనెక్షన్, 200 ఎంబీపీఎస్ ప్లాన్. కంపెనీ వాళ్లు ఇచ్చిన పెట్టె కింద హాల్లో టీవీ వెనకాల గోడకి బిగించి ఉంది. ఫైబర్ తీగ నేరుగా అందులోకే వస్తుంది, వైఫై కూడా అదే ఇస్తుంది. నేను పని చేసుకునేది పై అంతస్తులో వెనక గదిలో. అక్కడ ఫోన్‌లో ఒకటో రెండో గీతలు కనిపిస్తాయి. మామూలు పేజీలు తెరుచుకుంటాయి గానీ వీడియో కాల్‌లో మాత్రం అవతలివాళ్ల మాట ముక్కలు ముక్కలుగా వస్తుంది, ఒక్కోసారి కాల్ పూర్తిగా తెగిపోతుంది. సాయంత్రం ఇంట్లో అందరూ ఉన్నప్పుడు మరీ ఎక్కువ. ముఖ్యమైన మీటింగ్ ఉందంటే ముందు నుంచే టెన్షన్.

కొత్త రౌటర్ కొందామని చూస్తే ఏసీ1200, ఏఎక్స్1500, ఏఎక్స్3000, బీఈ3600 అని రకరకాల అంకెలు. ఒకరు మెష్ (కలిసి ఒకే వైఫై ఇచ్చే రెండు మూడు పెట్టెలు) పెట్టుకోమంటారు, ఇంకొకరు రిపీటర్ (సిగ్నల్‌ని అందుకుని మళ్లీ పంపే పెట్టె) చాలంటారు, మరొకరు వైఫై 7 వచ్చాక పాతవి కొనడం దండగంటారు. నాకు గేమ్స్ లేవు, పెద్ద ఫైళ్ల పనీ లేదు. కాల్ తెగకుండా ఉంటే చాలు. ఏది కొనాలో, కొన్నాక ఎలా పెట్టుకోవాలో తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

రాగితీగ

ముందు ఏదీ కొనకండి. లోపం లైన్‌లో ఉందా, వైఫైలో ఉందా తేల్చుకోకుండా రౌటర్ కొంటే డబ్బూ పోతుంది, బాధా అలాగే ఉంటుంది. మూడు చోట్ల స్పీడ్ టెస్ట్ చేసి అంకెలు ఇక్కడ పెట్టండి. ల్యాప్‌టాప్‌ని కేబుల్‌తో పెట్టెకి కలిపి ఒకసారి, పెట్టె పక్కనే నిలబడి ఫోన్‌తో 5 గిగాహెర్ట్జ్ వైఫై మీద ఒకసారి, మీ పై గదిలో ఒకసారి. పగలు చేసినదానితో పాటు సాయంత్రం కూడా చేయండి.

ఈలోగా ఉచితంగా చేయగలిగిన పని ఒకటుంది, పెట్టెని టీవీ వెనక నుంచి తీయండి. టీవీ లోపల లోహపు పలక ఉంటుంది, సిగ్నల్‌కి అది గోడ కంటే అధ్వాన్నం. అద్దాలు, ఇనప బీరువా, ఫ్రిజ్, చేపల తొట్టె, ఇవన్నీ అంతే. ఇనప చువ్వలున్న కాంక్రీట్ స్లాబ్ దాటి పైకి వెళ్లడం 5 గిగాహెర్ట్జ్‌కి చాలా కష్టం, అందుకే మీ ఫోన్ పైన 2.4 గిగాహెర్ట్జ్‌కి పడిపోతూ ఉండొచ్చు. 2.4 గోడల్ని కొంచెం బాగా దాటుతుంది కానీ వేగం తక్కువ, పైగా చుట్టుపక్కల ఇళ్ల వైఫైలు, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ ఆ గాలిలోనే ఉంటాయి. ఫైబర్ తీగ ఎంత దూరం వస్తే అంత వరకు, మెట్ల దగ్గరికి, మనిషి తల ఎత్తులో పెట్టి చూడండి. ఫైబర్‌ని మాత్రం మెలిపెట్టకండి, పదునుగా వంచకండి, లోపల ఉండేది గాజు. లాగాల్సి వస్తే కంపెనీ మనిషినే పిలవండి.

గీతల్ని నమ్మొద్దు, ఫోన్‌కీ ఫోన్‌కీ తేడా ఉంటుంది. వైఫై అనలైజర్ లాంటి యాప్‌లో డీబీఎం అంకె చూడండి, అది సిగ్నల్ బలం, సున్నాకి ఎంత దగ్గరైతే అంత మంచిది. మైనస్ 50 దగ్గర ఉంటే బ్రహ్మాండం, మైనస్ 67 వరకు కాల్స్‌కి ఇబ్బంది ఉండదు, మైనస్ 80కి పడిపోయిందంటే అక్కడ ఏ ప్లాన్ ఉన్నా లాభం లేదు.

చానల్36

డబ్బా మీద అంకెల గురించి చెప్తాను, అందరూ ఇక్కడే మోసపోతారు. ముందున్న అక్షరాలు తరం చెప్తాయి, ఏసీ అంటే వైఫై 5, ఏఎక్స్ అంటే వైఫై 6, బీఈ అంటే వైఫై 7. ఏఎక్స్3000 అంటే మీ ఫోన్‌కి 3000 ఎంబీపీఎస్ వస్తుందని కాదు. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 574, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 2402, రెండూ కూడి గుండ్రంగా చేసి డబ్బా మీద వేస్తారు. మామూలుగా ఒక ఫోన్ ఒకసారికి ఒక బ్యాండ్ మీదే ఉంటుంది. ఆ 2402 కూడా 160 మెగాహెర్ట్జ్ వెడల్పు చానల్ వాడితేనే. చాలా ఫోన్లు 80 దగ్గరే ఆగిపోతాయి కాబట్టి వాటికి గరిష్ఠంగా 1201, నిజంగా చేతికి అందేది అందులో సగమో కాస్త ఎక్కువో. మీ ప్లాన్ 200. అంటే సిగ్నల్ బాగా అందే చోట వైఫై 5 రౌటర్ అయినా సరిపోతుంది, వైఫై 6 అయితే ఇంకా నయం, ఎందుకంటే ఒకేసారి చాలా పరికరాలు మాట్లాడుతుంటే అది మెరుగ్గా పంచుతుంది. వైఫై 7 మంచిదే, కానీ దాని అసలు లాభాలు చూడాలంటే ఫోనూ ల్యాప్‌టాపూ కూడా వైఫై 7వి అయి ఉండాలి. పైగా స్లాబ్ ముందు అన్ని తరాలూ సమానమే, కొత్త తరం అనగానే 5 గిగాహెర్ట్జ్ కాంక్రీట్‌ని చీల్చుకు పోదు.

అంకెల కంటే వెనక ఉన్న పోర్టులు చూడండి. ఏసీ1200 అని రాసిన కొన్ని రౌటర్లలో పోర్టులు 100 ఎంబీపీఎస్ వే. వైఫై ఎంత గొప్పదైనా లోపలికి వచ్చేదే వందకి లోపు. గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) పోర్టులు అని స్పష్టంగా రాసి ఉంటేనే తీసుకోండి. యాంటెన్నాలు ఎన్ని ఉన్నాయన్నది నేనైతే అసలు లెక్కలోకి తీసుకోను.

రిపీటర్ మాత్రం వద్దు. ఒకే రేడియోతో వినడం, మళ్లీ చెప్పడం రెండూ చేస్తుంది కాబట్టి వేగం దాదాపు సగానికి పడుతుంది, కాల్‌కి ఆలస్యం కూడా పెరుగుతుంది. జనం ఇంకో పని చేస్తారు, సిగ్నల్ చచ్చిపోయిన గదిలోనే రిపీటర్ పెడతారు. అక్కడ దానికే సిగ్నల్ అందకపోతే అది మీకేం ఇస్తుంది?

మేడగది

ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ. చెప్పినట్టే చేశాను. పెట్టె పక్కన 5 గిగాహెర్ట్జ్ మీద 185 దాకా వస్తోంది. పై గదిలో 2.4 మీద 10, 15 మధ్య ఊగుతోంది, డీబీఎం మైనస్ 78. పెట్టెని మెట్ల వైపు జరిపిస్తే మైనస్ 71 అయింది, కొంచెం నయం. వింత ఏంటంటే కేబుల్‌తో కలిపితే 94 దగ్గరే ఆగిపోతోంది. వైఫైలో 185 వచ్చి కేబుల్‌లో 94 రావడమేంటి? సాయంత్రం పక్కనే నిలబడి చేసినా 180 వస్తోంది, కానీ పిల్లల ఫోన్ల నుంచి ఫొటోలు, వీడియోలు బ్యాకప్‌కి వెళ్తున్నప్పుడు నా కాల్ ఖచ్చితంగా తడబడుతోంది.

రాగితీగ

94 అంటే నూటికి తొంభై పాళ్లు కేబుల్ లేదా పోర్ట్ సంగతే. 100 ఎంబీపీఎస్ లింక్ మీద అడ్రస్‌ల లాంటి అదనపు డేటా పోను చేతికొచ్చేది సరిగ్గా 94, 95. గిగాబిట్‌కి కేబుల్‌లోని నాలుగు జతలూ, అంటే ఎనిమిది తీగలూ పనిచేయాలి. ఒక తీగ తెగినా, కనెక్టర్‌లో సరిగ్గా కూర్చోకపోయినా రెండు జతలతో 100కి దిగిపోతుంది, ఏ హెచ్చరికా ఇవ్వదు. ల్యాప్‌టాప్‌లో నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో లింక్ స్పీడ్ 1000 అని ఉందా, 100 అని ఉందా చూడండి. వేరే కేబుల్‌తో చూడండి, పెట్టెలో ఇంకో పోర్ట్‌కి పెట్టి చూడండి. కొన్ని పెట్టెల్లో ఒక్క పోర్టే గిగాబిట్, మిగతావి వంద, పక్కనే చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది.

మీ అంకెలు చూశాక నా మాట ఒకటే. మీ లైన్ బాగుంది, మీకు కావలసింది ఇంకా బలమైన రౌటర్ కాదు, పైకి ఒక కేబుల్. క్యాట్ 5ఈ రకం నెట్‌వర్క్ కేబుల్ అయినా 100 మీటర్ల వరకు గిగాబిట్ మోస్తుంది, క్యాట్ 6 అయితే ఇంకా నిశ్చింత. పూర్తిగా రాగి తీగది తీసుకోండి, అల్యూమినియం మీద రాగి పూత వేసినవి చవకగా దొరుకుతాయి గానీ అవి త్వరగా విరుగుతాయి, కొసన బిగించిన చోట వదులవుతాయి. ఆ కేబుల్ కొసన పై గదిలో ఒక మామూలు వైఫై 6 రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టండి, అంటే రౌటర్ పని కింది పెట్టెకే వదిలి అది వైఫై మాత్రమే ఇస్తుంది. మెట్ల పక్కగానో, బయట గోడ వెంటో, పాత టీవీ కేబుల్ గొట్టంలోంచో దారి ఏదో ఒకటి ఉంటుంది, వెతకండి. నిజంగా ఎక్కడా దారి లేదంటే అప్పుడు మెష్. అది కూడా మూడు బ్యాండ్లది (పెట్టెలు తమలో తాము మాట్లాడుకోవడానికి ఒక బ్యాండ్ వేరుగా ఉండేది), రెండో పెట్టెని గదిలో కాకుండా మెట్ల మీద సగం దూరంలో పెట్టి.

పెట్టేటప్పుడు జాగ్రత్తలు. సెటప్ పేజీలో ఆపరేషన్ మోడ్ అనే చోట యాక్సెస్ పాయింట్ ఎంచుకోండి. దాన్ని రౌటర్ మోడ్‌లోనే వదిలేస్తే ఇంట్లో రెండు నెట్‌వర్క్‌లు తయారవుతాయి, కింది ఫోన్‌కి పై ప్రింటర్ కనపడదు, రెండు పెట్టెలూ 192.168.1.1 అనే అడ్రస్ పట్టుకుని కూర్చుంటే ఇక ఏదీ సరిగ్గా నడవదు. వైఫై పేరూ పాస్‌వర్డూ కింద ఏవి ఉన్నాయో పైనా అవే ఇవ్వండి, చానళ్లు మాత్రం వేరువేరు. 2.4లో ఒకటి 1, ఇంకొకటి 6 లేదా 11. ఈ మూడే ఒకదాని మీద ఒకటి పడకుండా ఉంటాయి, 3, 4 లాంటివి పెడితే రెండు వైపులా చెడుతుంది.

కంపెనీ పెట్టె వెనక చిన్న రీసెట్ రంధ్రం ఉంటుంది, దాన్ని మాత్రం ముట్టుకోకండి. వాళ్లు పెట్టిన యూజర్‌నేమ్, వీలాన్ నంబర్ (వాళ్ల లైన్‌కి కట్టిన గుర్తింపు సంఖ్య) అన్నీ చెరిగిపోతే మళ్లీ వాళ్లు వచ్చేదాకా నెట్ ఉండదు.

చానల్36

పేరు ఒకటే పెట్టమన్న మాటతో నేను సగమే ఏకీభవిస్తాను. ఏ పెట్టెకి అతుక్కోవాలో నిర్ణయించేది రౌటర్ కాదు, ఫోన్. కొన్ని పరికరాలు, ముఖ్యంగా పాత ల్యాప్‌టాప్‌లు, మీరు పైకి వెళ్లినా కిందదాన్నే పట్టుకుని వేలాడతాయి. ముందు ఒకే పేరుతో చూడండి, ఇబ్బందైతే పనిచేసే ల్యాప్‌టాప్ కోసం పైదానికి వేరే పేరు పెట్టుకోండి. అసలు ఆ ల్యాప్‌టాప్‌ని కేబుల్‌తోనే కలిపేస్తే ఈ చర్చే అక్కర్లేదు.

సాయంత్రం బాధ వేరు, అది సిగ్నల్‌ది కాదు. దాన్ని బఫర్‌బ్లోట్ అంటారు. ఫొటోలు నెట్‌లోకి అప్‌లోడ్ అవుతున్నప్పుడు రౌటర్ ఆ ప్యాకెట్లన్నిటినీ, అంటే డేటా ముక్కల్ని, పొడవాటి క్యూలో నిలబెడుతుంది, మీ మాట తాలూకు చిన్న ప్యాకెట్ కూడా ఆ క్యూ చివర నిలబడాలి. స్పీడ్ టెస్ట్ చూపే వేగంలో ఇది కనపడదు. కేబుల్ మీద పింగ్ (చిన్న సందేశం వెళ్లి రావడానికి పట్టే సమయం కొలిచేది) నడుపుతూ ఒక పెద్ద వీడియో అప్‌లోడ్ చేసి చూడండి, 10 మిల్లీసెకన్లు ఉన్నది వందల్లోకి వెళ్తే జబ్బు అదే.

దీనికి మందు ఎస్‌క్యూఎం, అంటే క్యూని తెలివిగా నడిపే ఏర్పాటు. రౌటర్‌లో అప్‌లోడ్ వేగాన్ని లైన్ ఇచ్చేదానికంటే పది పదిహేను శాతం తక్కువకి కట్టేస్తే క్యూ మన చేతిలో ఉంటుంది, ఎఫ్‌క్యూ-కోడెల్ లేదా కేక్ అనే పద్ధతి ఒక్కో ప్రవాహానికీ వంతు ఇస్తుంది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే, రౌటర్‌లో వేసుకునే సాఫ్ట్‌వేర్‌లో ఇది ఉచితంగా దొరుకుతుంది, కాబట్టి కొనేముందు ఆ మోడల్ దాని జాబితాలో ఉందో లేదో చూసుకోవడం మంచిది. కానీ ఒక మెలిక ఉంది. కొత్తదాన్ని యాక్సెస్ పాయింట్‌గా పెడితే ఈ పని అది చేయలేదు, ఇంటి మొత్తం ట్రాఫిక్ కంపెనీ పెట్టెలోంచి పోతుంది కాబట్టి. ఎస్‌క్యూఎం కావాలంటే కంపెనీ వాళ్లని అడిగి వాళ్ల పెట్టెని బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని మానేసి లైన్‌ని నేరుగా దాటించేలా) పెట్టించుకుని, పీపీపీఓఈ లాగిన్ (కంపెనీ ఇచ్చే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్) మీ రౌటర్‌లో ఇచ్చి, దాన్నే ఇంటికి అసలు రౌటర్‌గా చేయాలి. అప్పుడది కింద ఉండాలి, పైకి ఇంకొకటి కావాలి. మీ అవసరానికి అంత దూరం వెళ్లనక్కర్లేదేమో. ముందు పిల్లల ఫోన్లలో బ్యాకప్‌ని రాత్రికి మార్చి చూడండి.

తాళంచెవి

సెటప్ గురించి ఇంత చెప్పుకున్నాక ఎవరూ భద్రత మాట ఎత్తలేదు, అందుకే రాస్తున్నా. రౌటర్ పేజీకి లాగిన్ అయ్యే పాస్‌వర్డ్ వేరు, వైఫై పాస్‌వర్డ్ వేరు, రెండూ మార్చాలి. మొదటిదాన్ని చాలామంది వదిలేస్తారు. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) లక్షల కెమెరాలనీ రౌటర్లనీ పట్టేసింది ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డ్‌లతోనే.

డబ్ల్యూపీఎస్, అంటే పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో వైఫైకి కలిపే సౌకర్యం, ఆపేయండి. దాని పిన్ ఎనిమిది అంకెలే అయినా రౌటర్ దాన్ని రెండు ముక్కలుగా సరిచూస్తుంది, చివరి అంకె మిగతా వాటి నుంచి లెక్కకట్టేది, కాబట్టి దాదాపు 11,000 ప్రయత్నాల్లో దొరికిపోతుంది. ఇది 2011లోనే బయటపడింది. బయటి నుంచి లాగిన్ అయ్యే రిమోట్ మేనేజ్‌మెంట్ కూడా ఆఫ్.

వైఫైకి తాళం వేసే కొత్త పద్ధతి డబ్ల్యూపీఏ3 ఉంటే పెట్టుకోండి, పాత పరికరం ఏదైనా కలవనని మొండికేస్తే డబ్ల్యూపీఏ2, 3 కలిసిన మోడ్ ఉంటుంది. స్మార్ట్ బల్బులు, కెమెరాలు గెస్ట్ నెట్‌వర్క్‌లో (అతిథుల కోసం వేరుగా ఉండే వైఫై) ఉంచండి. యాక్సెస్ పాయింట్ మోడ్‌లో కొన్ని రౌటర్ల గెస్ట్ నెట్‌వర్క్ నిజంగా వేరుగా ఉండదు, గెస్ట్‌కి కలిపిన ఫోన్ నుంచి మీ ప్రింటర్ పేజీ తెరుచుకుంటుందేమో ఒకసారి చూసి నిర్ధారించుకోండి. కొనేటప్పుడు ఆ కంపెనీ పాత మోడళ్లకి ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇచ్చిందో వాళ్ల సైట్‌లో చూడండి. 2017లో డబ్ల్యూపీఏ2లో క్రాక్ అనే లోపం బయటపడ్డప్పుడు అప్‌డేట్ రాని పాత పరికరాలు చాలా అలాగే మిగిలిపోయాయి. నా దృష్టిలో డబ్బా మీద ఏ అంకె కంటే ఇదే ముఖ్యం.

మేడగది

అప్‌డేట్: కేబుల్ మార్చి చూశాను, లింక్ 1000 అయింది, టెస్ట్‌లో 190 పైనే. పాత కేబుల్‌దే తప్పు. బ్యాకప్ రాత్రికి మార్చాం, నిన్న సాయంత్రం కాల్ ఒక్కసారి కూడా తడబడలేదు, అదీ కింద కూర్చుంటే. మెట్ల పక్క గొట్టంలోంచి క్యాట్ 6 లాగడానికి ఎలక్ట్రీషియన్ ఆదివారం వస్తానన్నారు. ఎలాగూ లాగిస్తున్నాం కదా, ఒకటి లాగించాలా రెండా?

రాగితీగ

రెండు లాగించండి. ఖర్చు ఎక్కువ పడేది పనికే, తీగకి కాదు. గొట్టంలో కరెంటు తీగలు ఉంటే మాత్రం అందులో వద్దు, వేరే దారి చూడమనండి. రెండు కొసలకీ సాకెట్లు బిగించాక ఆయన వెళ్లకముందే ల్యాప్‌టాప్ పెట్టి రెండింటిలోనూ లింక్ 1000 వస్తోందో లేదో చూసుకోండి.