ఏజెన్సీలో మలేరియా: దోమతెరలు ఇచ్చాక కూడా గోడలకు మందు కొట్టాలా?

గెడ్డఒడ్డు:
అల్లూరి జిల్లా ఏజెన్సీ ఊళ్లలో వానలకు ముందొకసారి, వానల్లో ఇంకోసారి ఇళ్ల లోపల గోడలకు మలేరియా మందు కొడుతుంటారు. మందు పట్టించిన దోమతెరలు అందిన ఊళ్లూ ఉన్నాయి. తెరలున్న చోట స్ప్రే ఆపేసి, ఆ ఖర్చుతో ఇద్దరికొకటి చొప్పున లోటు లేకుండా తెరలు ఇవ్వడం మేలని నా వాదన. స్ప్రే రోజున తిండిగింజలు, గిన్నెలు, పక్కబట్టలు అన్నీ వాకిట్లోకి మోయాలి, అందుకే సగం ఇళ్లు తలుపులేసుకుంటాయి. తెర మూడేళ్లు వస్తుంది, గోడ మందు మూడు నెలలు నిలిస్తే గొప్ప. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

దోమలమాస్టారు:
నేను కాదంటాను. ఏజెన్సీలో మలేరియా మోసే ముఖ్యమైన దోమల్లో ఫ్లూవియాటిలిస్ ఒకటి. గెడ్డ (వాగు) అంచున నీళ్లు మెల్లగా పారే చోట పెరుగుతుంది, మనిషి రక్తమే దానికి ఇష్టం, తాగాక ఇంట్లోనే గోడ మీద వాలుతుంది. అలాంటి దోమకు గోడ మందే తగిన విరుగుడు. స్ప్రే పనిచేయలేదంటున్న చోట ముందు కొట్టిన తీరు చూడండి.

గోడలకు కొట్టే మందు ఆల్ఫాసైపర్‌మెత్రిన్ 5 శాతం పొడి 250 గ్రాములు 10 లీటర్ల నీళ్లలో కలిపితే 500 చదరపు మీటర్లకు రావాలి. అందులో అసలు మందు పన్నెండున్నర గ్రాములు, అంటే చదరపు మీటరుకు 25 మిల్లీగ్రాములు. పొడిని ముందు కాసిని నీళ్లలో ముద్ద చేసి, మిగతా నీళ్లు పోసి, గుడ్డలో వడగట్టాలి. లేకపోతే నాజిల్ మూసుకుపోతుంది. ఈ పొడి నీళ్లలో కరగదు, అడుక్కి దిగుతుంది. బకెట్టు కలుపుతూ ఉండకపోతే ఒక ఇంటికి చిక్కగా, పక్కింటికి పలచగా పడుతుంది. పొద్దున్నే నాజిల్‌ను ఒక నిమిషం కొలపాత్రలోకి వదిలి చూడాలి. 740 నుంచి 850 మిల్లీలీటర్ల మధ్య రావాలి. 850 దాటిందంటే కొన అరిగిపోయినట్టే, మార్చేయాలి. గోడకు 45 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, 53 సెంటీమీటర్ల పట్టీలుగా, ఒక పట్టీ పక్కదాని మీదికి ఏడున్నర సెంటీమీటర్లు ఎక్కేలా కొట్టాలి. గోడ మీద సన్నటి చుక్కలు నిలవాలి. చారలు కారితే ఆ మందు నేలపాలే.

పోడుబాట:
మాస్టారూ, మీ లెక్క తప్పనను. ఆ గోడ ఎన్నాళ్లు అలాగే ఉంటుందో కూడా చెప్పాలి కదా? మట్టిగోడ మందును లోపలికి పీల్చుకుంటుంది. పండక్కో పెళ్లికో ఎర్రమట్టితో అలికారంటే మందు ఆ పూత కింద పడిపోతుంది, దోమ కాలికి తగిలేది కొత్త మట్టే. ఇక పోడు మీద పంట కాపలాకు వేసుకునే పాకకు గోడలే లేవు. కోతలయ్యేదాకా మనుషులు రాత్రిళ్లు అక్కడే. వాళ్లకు దిక్కు తెరే.

అయితే గెడ్డఒడ్డు గారూ, తెర కూడా ఇచ్చేస్తే పనైపోయేది కాదు. ప్యాకెట్టు విప్పగానే నీడలో ఒక రోజంతా వేలాడదీయాలి. ఆ మాట చెప్పకుండా పంచితే మొదటి రాత్రే ముఖం చురుక్కుమంటుంది, తెల్లారేసరికి తెర అటకెక్కుతుంది. ఆ తర్వాత అది ఏ కూరగాయల మడికో కంచె అవుతుంది. ఉతికేటప్పుడు మామూలు సబ్బు వాడాలి, బట్టల పౌడరు, బ్లీచింగు తగలకూడదు. బండ మీద బాదకూడదు, ఎండలో ఆరేయకూడదు. ఇరవై ఉతుకుల దాకా మందు నిలుస్తుందంటారు, అది ఇలా ఉతికితేనే. పొయ్యి పక్కన పడుకునే ఇంట్లో నిప్పురవ్వ పడి చిల్లులు పడతాయి. చిల్లు కనపడిన రోజే కుట్టేయాలి. అంచులు చాప కిందికి దోపాలి.

ఉపకేంద్రం:
ఇద్దరూ దోమ వెంటే పడ్డారు. మనిషి ఒంట్లో ఉన్న పరాన్నజీవి సంగతో? మలేరియాలో ఒక రకమైన వైవాక్స్‌కు పెద్దవాళ్లకు క్లోరోక్విన్ మూడు రోజులు: నాలుగు, నాలుగు, రెండు మాత్రలు. జ్వరం దీంతోనే దిగిపోతుంది. కాలేయంలో దాక్కున్నదాన్ని చంపేది ప్రైమాక్విన్, రోజుకు 15 మిల్లీగ్రాములు, 14 రోజులు. జ్వరం పోయాక ఇంకా మాత్రలెందుకని నాలుగో రోజే మానేస్తారు. పరగడుపున మింగితే కడుపులో నొప్పి, దాంతో ఇంకొందరు మానేస్తారు. కొన్ని వారాలకో నెలలకో జ్వరం తిరగబెడుతుంది, అప్పుడు మళ్లీ దోమల మీద పడతాం. నా మటుకు నాకు, స్ప్రే కూలీలో ఒక వంతు పెట్టి 14 రోజులూ ఆశా కార్యకర్త ఎదుటే, అన్నం తిన్నాక, మాత్ర మింగించాలి. గర్భిణులకు, ఏడాది లోపు పిల్లలకు ప్రైమాక్విన్ ఇవ్వకూడదు. ఈ మాత్రతో ఎర్ర రక్తకణాలు పగిలిపోయేలా చేసే జీ6పీడీ అనే ఎంజైము లోపం గిరిజనుల్లో కనిపిస్తుంది కాబట్టి మూత్రం నల్లగా వచ్చినా, కళ్లు పచ్చబడినా మాత్ర ఆపి వెంటనే పీహెచ్‌సీకి తీసుకెళ్లాలి. ఈ మాట వాళ్ల భాషలో, కువిలోనో ఒడియాలోనో, ముందే చెప్పాలి.

వేలి రక్తపు చుక్కతో మలేరియా చూసే కిట్‌తోనూ జాగ్రత్త. ప్యాకెట్టు చింపాక అప్పుడే వాడాలి, వాన తేమకు పాడవుతుంది. ఫలితం 15, 20 నిమిషాలకు చూడాలి, గంట తర్వాత కనపడిన గీతను లెక్కలోకి తీసుకోకూడదు. ఇంకో రకం మలేరియా ఫాల్సిపారం తగ్గాక కూడా కొన్ని వారాలు కిట్ పాజిటివ్ చూపించవచ్చు. అప్పుడు రక్తపు స్లైడే చూడాలి.

గెడ్డఒడ్డు:
పోడు పాక మాట విన్నాక తెర వైపే ఇంకా గట్టిగా ఉన్నాను. ప్రైమాక్విన్ మాట కాదనలేను. మాస్టారూ, స్ప్రే ఉండాల్సిందే అంటే అలకడం సంగతి ఎలా?

దోమలమాస్టారు:
తేదీ ఊరే చెప్పాలి. చైత్రంలో ఇటుకల పండక్కి గోడలు అలుకుతారు. అది అయ్యి, గోడ బాగా ఆరాక మొదటి విడత కొట్టాలి. పండగ ముందు కొట్టిన మందు అలుకు కిందికే పోతుంది. రెండో విడత అప్పుడు ఏ ఇంట్లో పెళ్లుందో, ఎవరు కొత్తగా గోడ వేశారో వారం ముందే ఆశా కార్యకర్త రాసి పెట్టుకోవాలి. అలికిన గోడలకు మళ్లీ కొట్టడానికి ఒకటి రెండు ప్యాకెట్లు పక్కన ఉంచాలి. మందు పట్టిందా లేదా అన్నదానికి పరీక్ష ఉంది. గోడకు కోన్ (గరాటులాంటి చిన్న మూత) అంటించి, బతికున్న దోమలు పదింటిని అరగంట అందులో వదిలి, ఒక రోజు తర్వాత లెక్కపెడతారు. ఎనిమిదికి తక్కువ చస్తే ఆ స్ప్రే సరిగా లేనట్టే. ఆ పరీక్ష చేసి చూపించమని గ్రామసభలో అడగండి.

పోడుబాట:
అడుగుదాం. అదే సభలో కాపలా పాకల లెక్క కూడా రాయిద్దాం. తెరలు ఇంటి లెక్కన వస్తున్నాయి, పాకకు విడిగా ఒకటి కావాలి.