నవంబరు జింకల వేటలో మంచె మీద కాళ్లు మొద్దుబారకుండా కూర్చోవడం ఎలా?

కొత్త వేటగాడు, మిన్నెసోటా:

నమస్కారం. నాతో పనిచేసే ఒక పెద్దాయన కుటుంబానికి మిన్నెసోటా ఉత్తర భాగంలో, బెమిడ్జి దగ్గర, కొంత అడవి భూమి ఉంది. ఆయన పూనుకొని నేర్పించడం వల్ల తుపాకీ భద్రతా శిక్షణ పూర్తిచేసి, లైసెన్సు తీసుకొని, నిరుడు నవంబరులో మొదటిసారి తెల్లతోక జింకల వేటకు వెళ్లాను. ఆ రోజు తెల్లవారుజామున 15 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సున్నాకు దిగువన 9 డిగ్రీల సెల్సియస్ చలి ఉంది. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి కాల్చడానికి అనుమతి ఉంటుంది కనుక, చీకట్లోనే ముప్పావు మైలు గబగబా నడిచి, చెట్టుకు బిగించిన ఇనుప మంచె ఎక్కి కూర్చున్నాను.

ఏడున్నరకు కాలివేళ్లు సలపడం మొదలైంది. ఎనిమిదిన్నరకు సలుపు ఆగిపోయింది. నయమైందనుకున్నాను కాని, నిజానికి వేళ్లు ఉన్నాయో లేవో తెలియని స్థితి అది. తొమ్మిదింటికి ఇక ఓర్చుకోలేక దిగుతున్నప్పుడు, మెట్టు మీద పాదం ఆనిందో లేదో తెలియక, నిచ్చెనను రెండు చేతులతో కావలించుకొని ఒక్కొక్క మెట్టూ చూసుకుంటూ దిగవలసి వచ్చింది. నేను దిగిన కాసేపటికే నా మంచె ముందు నుంచి రెండు ఆడజింకలు దాటిపోయాయని, దూరంగా మరో మంచె మీద ఉన్న పెద్దాయన తరువాత చెప్పారు.

ఆ రోజు నేను వేసుకున్నవి రెండు జతల నూలు సాక్సులు, వాటి మీద ఒక జత మందపాటి ఉన్ని సాక్సులు, 1000 గ్రాముల ఇన్సులేషన్ (చదరపు మీటరుకు ఇంత బరువుండే, చలిని ఆపే పొర) ఉన్న కొత్త బూట్లు. బూట్లను దుకాణంలో మామూలు సాక్సులతో తొడిగి చూసి, సరిగ్గా నా కొలతకే కొన్నాను. ఈ ఏడాది మధ్యాహ్నం దాకా కదలకుండా కూర్చోవాలన్నది నా కోరిక. ఇంతకన్నా మందమైన బూట్లు కొనాలా, లేక బ్యాటరీతో వేడెక్కే సాక్సులు కొనాలా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

డులూత్ పాతకాపు:

మీరు రాసిన వివరాల్లోనే జవాబు చాలావరకు ఉంది. దయచేసి ఇప్పుడే కొత్త బూట్లు కొనకండి. బూటు గాని సాక్సు గాని వేడిని పుట్టించవు. గుండె నుంచి రక్తం మోసుకొచ్చిన వేడి బయటికి పోకుండా ఆపడం ఒక్కటే వాటి పని. మీరు మీ కొలతకు సరిపోయే బూటులో మూడు జతల సాక్సులు కుక్కారు. దానివల్ల పాదం చుట్టూ నిలవవలసిన గాలి బయటికి పోయింది, వేళ్లకు రావలసిన రక్తమూ ఆగిపోయింది. చలిని ఆపేది ఉన్ని పోగుల మధ్య కదలకుండా నిలిచిన గాలి. ఆ పోగులు అణిగిపోతే మూడు జతలైనా ముప్పై జతలైనా ఒకటే. బూటు తొడిగి లేసులు కట్టిన తరువాత లోపల వేళ్లను పైకి కిందికి స్వేచ్ఛగా ఆడించగలగాలి. ఆడకపోతే ఒక జత తీసేయండి. జత తీసేశాక కాళ్లు మరింత వెచ్చగా ఉండడం నేను స్వయంగా చూశాను.

ఇక రెండో విషయం, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది, చెమట. ఒక్కొక్క పాదంలో లక్షకు పైగా స్వేదగ్రంథులు ఉంటాయి. కూర్చొనేవారి కోసం చేసిన 1000 గ్రాముల బూటు తొడుక్కొని ముప్పావు మైలు గబగబా నడిస్తే, బయట ఎంత చలి ఉన్నా లోపల సాక్సు తడుస్తుంది. నిశ్చలమైన గాలి కంటే నీరు సుమారు 24 రెట్లు ఎక్కువగా వేడిని ప్రసరింపజేస్తుంది. పైగా నూలు ఆ తడిని పీల్చుకొని చర్మానికే అంటిపెట్టుకొని ఉంటుంది. అంటే ఏడున్నరకు మీ వేళ్లను సలిపించిన చలి తెల్లవారుజాము నడకలోనే బూటులోకి చేరిపోయింది. ఉన్ని అలా కాదు. తన బరువులో దాదాపు మూడో వంతు దాకా తేమను పీల్చుకొని కూడా తడిగా తోచదు. వానలో గొర్రెలు కాచే మన కురుమలు గొంగడి కప్పుకొని వెచ్చగా నిలబడడం చూసినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కర లేదు. నూలు సాక్సును వేటకు అసలు తీసుకెళ్లకండి.

దీనికి చరిత్రలో ఒక బాధాకరమైన ఉదాహరణ ఉంది. 1950 నవంబరు, డిసెంబరు నెలల్లో కొరియాలోని చోసిన్ జలాశయం దగ్గర పోరాడిన అమెరికా సైనికులకు అడుగున రబ్బరు, పైన తోలు ఉన్న బూట్లు ఇచ్చారు. నడుస్తున్నంతసేపు వాటిలో చెమట పట్టేది, ఆగి కాపలా కూర్చున్నప్పుడు ఆ చెమటే లోపల గడ్డకట్టేది. ఎందరో పాదాలు పోగొట్టుకున్నారు. ఆ అనుభవం తరువాతే రెండు రబ్బరు పొరల మధ్య ఉన్నిని గాలి చొరకుండా మూసేసిన బూట్లు సైన్యంలోకి వచ్చాయి. వాటిలోని తెల్ల రకాన్ని ఇక్కడ కుందేలు బూట్లు అంటారు. సైన్యం వాడిన పాత జతలను ఈ ప్రాంతపు వేటగాళ్లు ఇప్పటికీ వెతికి కొంటుంటారు. వాటిలో పాదం తడుస్తుంది కాని, ఆ తడి ఉన్నిని చేరదు. బరువు మాత్రం చాలా ఎక్కువ, అలవాటు లేనివారికి వాటితో నిచ్చెన ఎక్కడం కష్టం. నడిచి ఆగడమే ఆ సైనికుల పాదాలను తీసింది, మనం ప్రతి వేట ఉదయమూ చేసేది కూడా నడిచి ఆగడమే. అందుకే దీన్ని ఇంత వివరంగా రాశాను.

నేను చేసే పద్ధతి ఇది. మంచె దాకా తేలికపాటి బూట్లతో, మెరినో గొర్రెల మెత్తని ఉన్నితో చేసిన ఒకే ఒక పలుచని సాక్సుతో, కోటు తొడుక్కోకుండా సంచికి కట్టుకొని, కొద్దిగా చలి వేసేటంత నెమ్మదిగా నడుస్తాను. ఇందుకోసం ఇంటి నుంచి ఇరవై నిమిషాలు ముందుగా బయలుదేరుతాను. చెట్టు కింద కూర్చొని ఆ సాక్సులు విప్పి, పాదాలను పొడి గుడ్డతో తుడిచి, గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో తెచ్చుకున్న పొడి సాక్సులు తొడుగుతాను. పలుచనిది ఒకటి, దాని మీద మందపు ఉన్నిది ఒకటి, అంతే. చీకట్లో, చలిలో బూట్లు విప్పడం మొదట్లో పిచ్చిపనిలా అనిపిస్తుంది, కాని ఆ మూడు నిమిషాలు నాలుగు గంటలను కాపాడతాయి. మంచె ఎక్కి భద్రతా పట్టీని చెట్టుకు తగిలించుకొని, తాడుతో సంచిని పైకి లాగిన తరువాత, అందులోంచి దుప్పటిలాంటి పై తొడుగులు తీసి బూట్లతో సహా కాళ్లకు తొడుగుతాను. వాటితో నడవకూడదు, మెట్లు ఎక్కకూడదు.

మంచె ఇనుముది అన్నారు. ఆ ఇనుప జాలీ మీద నేరుగా పాదాలు పెడితే అరికాలి నుంచి వేడి దానిలోకి దిగిపోతూనే ఉంటుంది. పాత తివాచీ ముక్క గాని, వ్యాయామానికి వాడే నురగ చాప ముక్క గాని వేసుకోండి. బూటు కదిలినప్పుడు చప్పుడు రాకుండా కూడా అది కాపాడుతుంది. బూట్లను రాత్రి కారు డిక్కీలో వదిలేయకుండా, లోపలి లైనర్లు ఊడదీసి ఇంట్లో ఆరబెట్టండి. పొయ్యి పక్కన మాత్రం పెట్టవద్దు, తోలు పగిలి జిగురు ఊడుతుంది.

మాజీ హవల్దార్, పశ్చిమ గోదావరి జిల్లా:

నేను వేటగాడిని కాను. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన తరువాత వేట చాలావరకు నిషిద్ధమే కనుక ఆ అనుభవం నాకు లేదు. అయితే సియాచిన్‌లో ఒక విడత, లద్దాఖ్‌లో రెండు చలికాలాలు కాపలా కాశాను. తుపాకీ పట్టుకొని కదలకుండా కూర్చోవడంలో పాదాల కష్టం మీదీ మాదీ ఒకటే కాబట్టి రాస్తున్నాను.

పైన డులూత్ వారు చెప్పిన చెమట సంగతి అక్షరాలా నిజం. మాకు శత్రువు కంటే ముందు సాక్సులోని తడినే చూడమని నేర్పించారు. తడిసిన సాక్సులను పొట్టకు, చొక్కాకు మధ్య పెట్టుకొని ఒంటి వేడితోనే ఆరబెట్టేవాళ్లం. సాయంత్రం గుడారంలో ఒకరి పాదాలను మరొకరు టార్చిలైటు వేసి చూసేవాళ్లం, ఎందుకంటే స్పర్శ పోయిన వేలిని దాని యజమాని గుర్తించలేడు. మీరు సలుపు ఆగిపోయి నయమైందనుకున్నాను అని రాసిన వాక్యం చదివి నాకు భయం వేసింది. నొప్పి ఉన్నంతవరకు ఆ వేలిలో ప్రాణం ఉన్నట్టే లెక్క. నొప్పి ఆగిపోయి మొద్దుబారిందంటే ఆ క్షణమే లేవాలి.

ఇంకొక మాట. ఒళ్లు చల్లబడితే శరీరం గుండెను, కాలేయాన్ని కాపాడుకోవడానికి చేతులకు, కాళ్లకు రక్తాన్ని తగ్గించేస్తుంది. అందుచేత కాళ్లు చల్లబడుతున్నాయంటే ఒక్కోసారి లోపం బూటులో ఉండదు, మెడ దగ్గర తెరిచి ఉన్న కోటులో ఉంటుంది. ఛాతీకి, మెడకు, తలకు వెచ్చదనం ఇవ్వండి, కడుపు నిండా తినండి, నీళ్లు తాగండి. కూర్చున్నచోటే బూటు లోపల వేళ్లను గట్టిగా ముడిచి, లెక్కపెడుతూ పది అంకెల సేపు పట్టి ఉంచి, వదలండి. పిక్కలను కూడా అలాగే బిగించి వదలండి. బయటికి ఏ కదలికా కనబడదు, రక్తం మాత్రం కదులుతుంది.

వైద్యురాలు, విస్కాన్సిన్:

ఈ చర్చ మధుమేహం ఎక్కువగా కనబడే మనవారి మధ్య జరుగుతున్నది కనుక ఒక హెచ్చరిక తప్పనిసరి. మధుమేహం ఉన్నవారిలో పాదాల నరాల స్పర్శ ముందే తగ్గి ఉండవచ్చు. అటువంటివారు చలిని గాని, బూటులో పెట్టుకొనే వేడి పొట్లం కాల్చడాన్ని గాని గుర్తించలేరు, కాబట్టి తమ వైద్యులను అడగకుండా ఏ రకమైన కృత్రిమ వేడినీ పాదాలకు పెట్టుకోకూడదు. చలికి వేళ్లు తెల్లబడి, నీలమై, తరువాత ఎర్రబడేవారు కూడా ముందుగా పరీక్ష చేయించుకోవాలి. పొగాకు రక్తనాళాలను బిగిస్తుంది. మద్యం వెచ్చగా ఉన్న భ్రమ కలిగించి ఒంటి వేడిని పోగొడుతుంది, పైగా తుపాకీ చేతిలో ఉన్నప్పుడు దాని ఊసే ఉండకూడదు.

చర్మం పాలిపోయి మైనంలా గట్టిగా తోస్తే దాన్ని రుద్దవద్దు, మంచుతో అసలే రుద్దవద్దు, మంట దగ్గర కాచవద్దు. వెచ్చని గదికి చేరిన తరువాత 37 నుంచి 39 డిగ్రీల సెల్సియస్ ఉన్న నీటిలో పాదాన్ని ఉంచి, వెంటనే వైద్య సహాయం తీసుకోవాలి. నీటి వేడిని మొద్దుబారిన పాదంతో కాక, చక్కగా స్పర్శ ఉన్న మోచేతితో చూడాలి. మళ్లీ గడ్డకట్టే ప్రమాదం ఉన్నచోట వేడి చేయకపోవడమే మంచిది, కరిగి తిరిగి గడ్డకట్టిన కణజాలానికి నష్టం మరింత ఎక్కువ.

కొత్త వేటగాడు, మిన్నెసోటా:

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. నాకు మధుమేహం లేదు. చింపి తెరవగానే వేడెక్కే చిన్న పొట్లాల గురించి, బ్యాటరీ సాక్సుల గురించి కూడా రెండు మాటలు చెప్పగలరా? నిరుడు పొట్లాలు బూటులో పెట్టాను కాని అవి అసలు వేడెక్కలేదు.

డులూత్ పాతకాపు:

ఆ పొట్లాల్లో ఇనుప పొడి, ఉప్పు, బొగ్గు, కొద్దిగా తేమ ఉంటాయి. గాలిలోని ఆక్సిజన్ తగిలి ఇనుము తుప్పు పట్టేటప్పుడు వేడి పుడుతుంది. బిగుతైన బూటులో గాలి లేదు కనుక మీ పొట్లాలు పని చేయలేదు. చేతుల కోసం చేసినవి కాకుండా, తక్కువ గాలితో పనిచేసేటట్టు కాలివేళ్ల కోసం చేసినవే కొనండి. బూటులో పెట్టడానికి పావుగంట ముందే తెరిచి గాలి తగలనివ్వండి, సాక్సు మీద అంటించండి, చర్మానికి మాత్రం ఎన్నడూ తగలనీయవద్దు. వాటికి కూడా బూటులో చోటు కావాలన్నది మరవకండి.

బ్యాటరీ సాక్సులు బాగానే పనిచేస్తాయి. చలికి బ్యాటరీ శక్తి త్వరగా తగ్గుతుంది కనుక పిక్క దగ్గరున్న బ్యాటరీని ప్యాంటు లోపలే కప్పి ఉంచి, కాళ్లు చల్లబడక ముందే అతి తక్కువ వేడి మీద నడిపించండి. అయితే అవి చెమటకు మందు కావు. తడి సాక్సును కాచుకుంటూ కూర్చుంటే బ్యాటరీ అయిపోయిన గంటకు మీరు నిరుటి స్థితికే వస్తారు.

దిగేటప్పుడు సంగతి కూడా చెప్పాలి. కాళ్లు మొద్దుబారకముందే దిగండి. తుపాకీలో తూటాలు తీసేసి తాడుతో కిందికి దించి, పట్టీని నిచ్చెన పక్కన ఉన్న తాడుకు తగిలించుకొని, రెండు చేతులు, రెండు పాదాల్లో ఏవైనా మూడు ఎప్పుడూ నిచ్చెనకు ఆని ఉండేటట్టు దిగండి. నిరుడు మీరు దిగిన తీరు చదివినప్పుడు జింకల కన్నా ఆ నిచ్చెన గురించే నాకు దిగులు కలిగింది.

కొత్త వేటగాడు, మిన్నెసోటా:

రెండు వారాల తరువాత రాస్తున్నాను. వేట మొదలు కావడానికి ఇంకా కొన్ని రోజులు ఉంది కనుక, మీరు చెప్పినవన్నీ ముందుగా ఇంటి పెరట్లో పరీక్షించాను. నిన్న తెల్లవారుజామున 22 డిగ్రీల ఫారెన్‌హీట్ చలిలో తేలికపాటి బూట్లతో వీధి చుట్టూ ముప్పావు మైలు నెమ్మదిగా నడిచి, పెరట్లో కూర్చొని సాక్సులు మార్చుకున్నాను. విప్పిన సాక్సు ముట్టుకుంటే వేళ్ల దగ్గర చెమ్మగా ఉంది. అంత నెమ్మదిగా నడిచినా అంత తడి ఉంటే, నిరుడు పరుగులాంటి నడకకు ఎంత తడిసిందో ఇప్పుడు అర్థమైంది. తరువాత పలుచని జత, ఉన్ని జత మాత్రమే వేసుకొని పాత బూట్లనే తొడిగి, ఇనుప కుర్చీలో, ఇనుప జాలీ మీద నురగ చాప ముక్క వేసి, దాని మీద పాదాలు పెట్టి మూడు గంటలు కూర్చున్నాను.

కుడికాలు చివరిదాకా వెచ్చగానే ఉంది. రెండున్నర గంటలకు ఎడమకాలి చిటికెన వేలు మాత్రం సలిపింది. చూస్తే ఎడమ పాదం నురగ చాప అంచు దాటి ఇనుము మీదికి జరిగి ఉంది. చాప ముక్కను మంచె మొత్తానికి సరిపడేటట్టు కోసి, జారకుండా నాలుగు మూలలా తాడుతో కట్టుకుంటాను. ఎడమ బూటు కుడిదాని కంటే కొంచెం బిగుతుగా ఉన్నట్టు కూడా తోచింది కనుక, శనివారం ఉన్ని సాక్సులు వెంట తీసుకెళ్లి, అర కొలత పెద్ద జతను తొడిగి చూసి వస్తాను.